26 మెషిన్లకు ఒకే బిల్డ్: నల్లగొండ ల్యాబ్‌లో టెసెరాక్ట్ కంపైలర్ ఫ్లాగ్‌ల కేస్ స్టడీ

నల్లగొండలోని ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పాత అచ్చు పుస్తకాల స్కాన్లను తెలుగు టెక్స్ట్‌గా మార్చే పని (ఓసీఆర్) ఇది. ఆ పని చేసే ప్రోగ్రామ్ టెసెరాక్ట్, దాన్ని సోర్స్ నుంచి తయారుచేసేటప్పుడు కంపైలర్‌కు ఇచ్చే ఆదేశాలే ఫ్లాగ్‌లు. పగలంతా ల్యాబ్‌లో ప్రాక్టికల్స్ జరుగుతాయి. సాయంత్రం తలుపులు మూశాక అవే మెషిన్ల మీద ఓసీఆర్ నడుస్తుంది. అన్నిటిలోనూ ఉబుంటు 22.04 ఉంది. దాని రిపాజిటరీలో దొరికే టెసెరాక్ట్ 4.1.1. వెర్షన్ 5లో అక్షరాలు గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్ (ఎల్‌ఎస్‌టీఎం) లెక్కలు డబుల్ (64 బిట్లు) బదులు ఫ్లోట్ (32 బిట్లు)లో జరుగుతాయి కాబట్టి పాత మెషిన్ల మీద అదే నయం. అందుకని టెసెరాక్ట్‌నూ, బొమ్మల పనికి అది వాడే లెప్టోనికా లైబ్రరీనీ సోర్స్ నుంచి కట్టుకోవాల్సి (కంపైల్ చేసుకోవాల్సి) వచ్చింది.  

మెషిన్లు నాలుగు రకాలు. ఐ5-4570 ఉన్నవి 5, పెంటియం జీ2020 ఉన్నవి 12, పెంటియం గోల్డ్ జీ6400 ఉన్నవి 6, కోర్ 2 డుయో ఈ7500 ఉన్నవి 3. ఐ5లలో ర్యామ్ 8 జీబీ, మిగతావాటిలో 4 జీబీ. ఇలాంటి ల్యాబ్‌లో ప్రతి మెషిన్ మీదా విడివిడిగా కంపైల్ చేయడం దండగ కాబట్టి, వేగంగా ఉన్న ఐ5 మీద ఒకసారి కట్టి కట్టినవి చేరే /యూఎస్ఆర్/లోకల్ డైరెక్టరీ మొత్తాన్ని, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో మిగతా వాటికి పంపాలన్నది ఏర్పాటు.

మొదటి బిల్డ్ ఎక్కడ ఆగింది

మొదటి బిల్డ్‌కు పెట్టిన ఫ్లాగ్‌లు ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించేవే: -ఓ3 -మార్చ్=నేటివ్. -ఓ3 అంటే వేగం కోసం కోడ్‌ను బాగా మెరుగుపరచమని (-ఓ2 దానికి ఒక మెట్టు కింద), -మార్చ్=నేటివ్ అంటే కట్టే మెషిన్ ప్రాసెసర్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లన్నీ వాడుకోమని. ఐ5ల మీద అన్ని పేజీలూ సాఫీగా నడిచాయి. పెంటియంల మీద కొన్ని పేజీలు పూర్తయ్యాయి, కొన్ని మధ్యలో ఆగిపోయాయి. షెల్‌లో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అన్న మాట వచ్చింది, ఎగ్జిట్ కోడ్ 132. ఆ సంఖ్యలోనే జవాబు ఉంది. సిగ్నల్‌తో చచ్చిన ప్రోగ్రామ్‌కు షెల్ 128కి ఆ సిగ్నల్ నంబరు కలిపి ఇస్తుంది, 4వ సిగ్నల్ అంటే సిగ్‌ఇల్. ప్రాసెసర్‌కు తెలియని ఇన్‌స్ట్రక్షన్ ఎదురైందన్నమాట. స్కాన్ పాడైతేనో ర్యామ్ చాలకపోతేనో ఈ కోడ్ రాదు. మెమరీ చాలక కెర్నెల్ చంపితే 137 వస్తుంది. బ్యాచ్ స్క్రిప్ట్ ఎగ్జిట్ కోడ్‌ను లాగ్‌లో రాయకపోతే ఈ రెండూ ఒకేలా "అవుట్‌పుట్ ఫైలు రాలేదు" అని మాత్రమే కనిపిస్తాయి.

కొన్ని పేజీలు ఎందుకు పూర్తయ్యాయన్నది ముఖ్యం. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు దాని ఇన్‌స్ట్రక్షన్లన్నిటినీ ఎవరూ తనిఖీ చేయరు. ఐ5లో ఉండి పెంటియంలలో లేని ఏవీఎక్స్2 (ఒకేసారి అనేక సంఖ్యల మీద లెక్క చేసే) ఇన్‌స్ట్రక్షన్ ఉన్న ఫంక్షన్ నడిచేదాకా అంతా బాగానే ఉంటుంది. వంకరగా స్కాన్ అయిన పేజీని సరిచేసే ఫంక్షన్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉంటే, తిన్నగా ఉన్న పేజీలన్నీ దాటిపోతాయి, వంకర పేజీ దగ్గర పడిపోతుంది. అందుకే ఒక్క పేజీతో పరీక్షించి "పని చేస్తోంది" అనుకోవడానికి లేదు.

కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ చూస్తే "ట్రాప్ ఇన్‌వాలిడ్ ఆప్‌కోడ్" అనే వరుస, దాని చివర లైబ్రరీ పేరు ఉన్నాయి. ఆ పేరు టెసెరాక్ట్‌ది కాదు, లెప్టోనికాది. డీబగ్గర్ జీడీబీలో అదే పేజీని నడిపి, ఆగిన చోట ఎక్స్/ఐ $పీసీ అని అడిగితే వైఎంఎం రిజిస్టర్‌ను వాడే ఇన్‌స్ట్రక్షన్ కనిపించింది. 256 బిట్ల వైఎంఎం రిజిస్టర్లు ఏవీఎక్స్‌తో వచ్చినవి, అవి ఈ పెంటియంలలో లేవు.

దోషం లెప్టోనికాలో బయటపడటానికి కారణం ఉంది. టెసెరాక్ట్‌లో బరువైన మ్యాట్రిక్స్ లెక్కలన్నీ వేరే ఫైళ్లలో ఉంటాయి. ఎస్‌ఎస్‌ఈ, ఏవీఎక్స్, ఎఫ్‌ఎంఏ అన్నవి ప్రాసెసర్లలో తరతరానికీ చేరిన లెక్కల ఇన్‌స్ట్రక్షన్ల పేర్లు. ఎస్‌ఎస్‌ఈ4.1కి ఒకటి, ఏవీఎక్స్‌కు ఒకటి, ఏవీఎక్స్2కి ఒకటి, ఎఫ్‌ఎంఏకు ఒకటి. ఏ ఫైలుకు ఆ ఫైలు తన సొంత ఫ్లాగ్‌తో కంపైల్ అవుతుంది, నడిచేటప్పుడు ప్రాసెసర్‌ను అడిగి తగినదాన్ని ఎంచుకుంటుంది. టెసెరాక్ట్ --వెర్షన్ అని కొడితే "ఫౌండ్ ఏవీఎక్స్2", "ఫౌండ్ ఎస్‌ఎస్‌ఈ4.1" లాంటి వరుసలు వచ్చేది అందుకే. ఈ సాఫ్ట్‌వేర్‌కు -మార్చ్=నేటివ్ వల్ల లాభం దాదాపు లేకపోవడానికి కూడా ఇదే కారణం. వేగం కావాల్సిన చోట రాసినవాళ్లే ఆ ఏర్పాటు చేశారు. మనం బయటి నుంచి పెట్టే ఫ్లాగ్ మిగిలిన కోడ్‌కే తగులుతుంది. అక్కడ వేగం పెద్దగా పెరగదు, వేరే మెషిన్‌లో నడవకుండా పోయే ప్రమాదం మాత్రం వస్తుంది.

నేల ఎక్కడ?

ఇన్ని రకాల మెషిన్లున్నచోట -ఓ2నా -ఓ3నా అన్న ప్రశ్న తరువాతిది. ముందు తేల్చాల్సింది -మార్చ్, అంటే అన్ని మెషిన్లకూ ఉమ్మడిగా ఉన్న ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఏది అని. అదే ఈ ల్యాబ్‌కు నేల. 2020లో వచ్చిన ఎక్స్86-64 స్థాయిలు (వీ1 నుంచి వీ4 దాకా) దీనికి పనికొస్తాయి, జీసీసీ కంపైలర్ 11వ వెర్షన్ నుంచి వీటిని నేరుగా -మార్చ్‌లో రాయొచ్చు. వీ1లో ఎస్‌ఎస్‌ఈ2 దాకా. వీ2లో ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్. వీ3లో ఏవీఎక్స్2, ఎఫ్‌ఎంఏ, బీఎంఐ. వీ4లో ఏవీఎక్స్-512.

మెషిన్ వయసు చూసి స్థాయి ఊహించడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 2013లో వచ్చిన ఐ5-4570 వీ3. 2020లో వచ్చిన పెంటియం గోల్డ్ జీ6400 వీ2 మాత్రమే. ఏడేళ్లు కొత్తది, గడియారం 4 గిగాహెర్ట్జ్, అయినా ఏవీఎక్స్ లేదు. పెంటియం, సెలెరాన్ పేర్లతో అమ్మినవాటిలో ఇంటెల్ చాలాకాలం ఏవీఎక్స్‌ను మూసిపెట్టింది. జీ2020 కూడా వీ2నే. ఈ7500లో ఎస్‌ఎస్‌ఈ4.1 ఉన్నా 4.2, పాప్‌కౌంట్ రెండూ లేవు కాబట్టి అది వీ1 దగ్గరే ఆగుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. జీ6400ది స్కైలేక్ కుటుంబమే కదా అని -మార్చ్=స్కైలేక్ అని చేత్తో రాస్తే ఏవీఎక్స్2 వచ్చి చేరుతుంది, ఆ బిల్డ్ ఆ మెషిన్ మీదే పడిపోతుంది. జీ2020కి -మార్చ్=ఐవీబ్రిడ్జ్ రాసినా ఇదే గతి. అదే మెషిన్ మీద -మార్చ్=నేటివ్ పెడితే కంపైలర్ నేరుగా ప్రాసెసర్‌నే అడుగుతుంది, స్కైలేక్ అని తీసుకున్నా ఏవీఎక్స్‌ను తీసేస్తుంది. తరం పేరు చూసి ఫ్లాగ్ రాయడం కంటే ప్రాసెసర్‌ను అడిగి రాయడం మేలు.

అడగడం కూడా తేలికే. ఉబుంటు 22.04లో జీలిబ్‌సీ (ప్రోగ్రామ్‌లు ఆధారపడే సీ లైబ్రరీ) 2.35 ఉంది. ప్రతి మెషిన్ మీద /లిబ్64/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్‌ఓ.2 --హెల్ప్ అని నడిపితే చివర్లో ఏ స్థాయిలకు "సపోర్టెడ్" అని ఉందో కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో 26 మెషిన్లనూ ఒక లూప్‌లో అడిగి ఒక ఫైలులో రాసుకుంటే సరి. డబ్బా మీది స్టిక్కర్‌ను నమ్మొద్దు. మదర్‌బోర్డు మార్చినప్పుడు స్టిక్కర్ ఎవరూ మార్చరు.

మూడు ఈ7500 మెషిన్ల కోసం నేలను వీ1 దగ్గర ఉంచాలా, వాటిని పక్కనపెట్టి వీ2కి పోవాలా అన్నది తేల్చడానికి లెప్టోనికాను రెండు విధాలుగానూ కట్టి జీ2020 మీద పోల్చారు. తేడా రెండు పరుగుల మధ్య మామూలుగా వచ్చే ఊగిసలాటలోనే కలిసిపోయింది. కాబట్టి వీ1: -మార్చ్=ఎక్స్86-64 -ఎంట్యూన్=జెనెరిక్ (రెండోది, ఏ ఒక్క ప్రాసెసర్ కోసమూ ప్రత్యేకంగా మలచొద్దని). ఉబుంటు కంపైలర్‌కు ఇదే డీఫాల్ట్. అయినా ఫ్లాగ్‌ను బయటికి రాయడం మంచిది, ఎవరో వేరే కంపైలర్‌తో కట్టినప్పుడు డీఫాల్ట్ మారినా బిల్డ్ మారదు.

ఐ5లకు మాత్రం వీ3 లైబ్రరీ ఇవ్వాలంటే దారి ఉంది. /యూఎస్ఆర్/లోకల్/లిబ్ కింద జీలిబ్‌సీ-హెచ్‌డబ్ల్యూక్యాప్స్/ఎక్స్86-64-వీ3 అనే డైరెక్టరీలో వీ3 లెప్టోనికాను పెట్టి, లైబ్రరీల జాబితాను కొత్తగా రాసే ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే, వీ3 మెషిన్లు దాన్నీ మిగతావి మామూలుదాన్నీ వాటంతటవే ఎత్తుకుంటాయి. ఒకే ఆర్‌సింక్ అన్నిటికీ సరిపోతుంది. చక్కని ఏర్పాటే, కానీ అయిదు మెషిన్లలో లెప్టోనికా వాటా సమయం కోసం రెండు బిల్డ్‌లు పోషించడం ఇక్కడ గిట్టుబాటు కాదని వదిలేశారు. వీడియో ఎన్‌కోడింగ్ లాంటి పనైతే ఇదే మొదట ప్రయత్నించాలి.

మాయమైన -ఓ2

-మార్చ్ మార్చి మళ్లీ కట్టాక క్రాష్‌లు ఆగాయి. వేగం మాత్రం మొదటి బిల్డ్ కంటే కనిపించేంత పడిపోయింది. -మార్చ్=నేటివ్ తీసేయడం వల్లే అనిపిస్తుంది గానీ, కారణం వేరు.

బిల్డ్‌కు ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌కు సీఫ్లాగ్స్ (ఫ్లాగ్‌లు ఇచ్చే వేరియబుల్) ఏమీ ఇవ్వకపోతే, ఆ స్క్రిప్ట్‌ను తయారుచేసే ఆటోకాన్ఫ్ తనంతట తాను "-జీ -ఓ2" పెట్టుకుంటుంది. మనం సీఫ్లాగ్స్‌లో "-మార్చ్=ఎక్స్86-64" అని ఒక్కటే రాస్తే, అది దానికి కలవదు, దాని స్థానంలో కూర్చుంటుంది. -ఓ2 పోతుంది. ఏ -ఓ లేకపోతే జీసీసీకి అది -ఓ0, అంటే ఏ మెరుగూ లేని కోడ్. ఎక్కడా ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా రాదు. పైగా ఉబుంటు కంపైలర్ -ఓ1, ఆ పైన మాత్రమే ఫోర్టిఫై (బఫర్ హద్దు దాటకుండా చూసే) రక్షణను కలుపుతుంది కాబట్టి వేగంతోపాటు ఆ కాపలా కూడా పోతుంది. లెప్టోనికా సీలో రాసింది, టెసెరాక్ట్ సీ++లో రాసింది. మొదటిది సీఫ్లాగ్స్ చదువుతుంది, రెండోది సీఎక్స్ఎక్స్‌ఫ్లాగ్స్ చదువుతుంది. ఒకదాన్ని సరిచేసి రెండోదాన్ని మరిచిపోతే సగం బిల్డ్ ఒకలా, సగం ఇంకోలా తయారవుతుంది.

సీమేక్ అనే మరో బిల్డ్ సాధనంతో కట్టేవాళ్లకు ఇదే గొయ్యి వేరే చోట ఉంటుంది. బిల్డ్ టైప్ ఇవ్వకపోతే, ప్రాజెక్టు తనంతట పెట్టుకుంటే తప్ప, -ఓ ఏదీ రాదు. రిలీజ్ అంటే -ఓ3 -డీఎన్‌డీబగ్. రెల్‌విత్‌డెబ్‌ఇన్ఫో అంటే -ఓ2 -జీ -డీఎన్‌డీబగ్. మనం ఫ్లాగ్స్‌లో -ఓ2 రాసి టైప్‌ను రిలీజ్ అంటే చివరికి నడిచేది -ఓ3. బిల్డ్ టైప్ ఫ్లాగ్‌లు మన ఫ్లాగ్‌ల తరువాత వస్తాయి, జీసీసీ చివరి -ఓను లెక్కలోకి తీసుకుంటుంది.

నిజంగా ఏ ఫ్లాగ్‌లు పడ్డాయో రెండు చోట్ల చూడాలి. మేక్ వీ=1 అని నడిపి ఆ లాగ్‌ను దాచుకుని, అందులో "-ఓ", "మార్చ్=" వెతకాలి. కొన్ని ప్రాజెక్టుల బిల్డ్ స్క్రిప్ట్‌లు మనం అడగకపోయినా ఒకటి రెండు ఫైళ్లకు -మార్చ్=నేటివ్ తగిలిస్తాయి, అది కూడా ఈ లాగ్‌లోనే దొరుకుతుంది. రెండోది, -ఎఫ్‌రికార్డ్-జీసీసీ-స్విచెస్ పెట్టి కడితే వాడిన ఫ్లాగ్‌లు బైనరీలోనే నిలిచిపోతాయి, రీడ్‌ఎల్ఫ్‌తో ఎప్పుడైనా చదవొచ్చు. ఆరు నెలల తరువాత "ఇది ఎలా కట్టారు" అని అడిగేవాళ్లకు ఇంతకంటే నమ్మకమైన సాక్ష్యం లేదు.

కొలత, ఎండ

ఫ్లాగ్‌ల మీద వాదనలు చాలావరకు కొలత సరిగా లేకపోవడం వల్ల పుడతాయి. ఈ ల్యాబ్ పై అంతస్తులో ఉంది, ఏసీ లేదు. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మధ్యాహ్నం కొలిచిన బిల్డ్‌కూ తెల్లవారుజామున కొలిచిన బిల్డ్‌కూ పోలిక పెడితే అందులో ఫ్లాగ్‌ల తేడా కంటే ఎండ తేడా ఎక్కువ. ఐ5-4570 మామూలు వేగం 3.2 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.6 దాకా పోతుంది. చల్లగా ఉన్నప్పుడు టర్బో నిలుస్తుంది, వేడెక్కితే దిగుతుంది, ఇంకా వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం కోసేసుకుంటుంది. /సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూ0/థర్మల్_థ్రాటిల్ కింద కోర్_థ్రాటిల్_కౌంట్ అనే ఫైలు ఉంటుంది. పరుగుకు ముందు, తరువాత ఆ సంఖ్య చదవాలి. పెరిగితే ఆ పరుగును లెక్కలోంచి తీసేయాలి. పెరుగుతూనే ఉంటే ముందు హీట్‌సింక్‌లో పేరుకున్న దుమ్ము ఊదించి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చాలి. ఏ ఫ్లాగ్ మార్చినా రాని వేగం కొన్నిసార్లు అక్కడ దొరుకుతుంది.

పాటించిన పద్ధతి ఇది. 300 డీపీఐలో స్కాన్ చేసిన 40 పేజీలు, అందులో కొన్ని శుభ్రమైనవి, కొన్ని మరకలవి, కొన్ని వంకరవి, కొన్ని రెండు కాలమ్‌లవి. ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చడం. మొదటి పరుగును పారేయడం, ఎందుకంటే అప్పుడు ఫైళ్లు డిస్కు నుంచి వస్తాయి, తరువాతి పరుగుల్లో మెమరీ నుంచి. ఆపై అయిదు పరుగులు, వాటిలో మధ్య విలువ. రెండు బిల్డ్‌లను పోల్చేటప్పుడు ఏ ఐదు, బీ ఐదు అని కాకుండా ఏ, బీ, ఏ, బీ అని మార్చి మార్చి నడపడం, గది వేడెక్కితే రెండిటికీ సమానంగా తగులుతుంది.

ఈ కొలతకు ముందు, ప్రొఫైలర్ అయిన పెర్ఫ్ రికార్డ్‌తో సమయం ఎక్కడ పోతోందో చూడాలి. ఇక్కడ సింహభాగం ఆ మ్యాట్రిక్స్ ఫైళ్లలోనే కనిపించింది. అవి ఇంట్రిన్సిక్స్ (ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లను నేరుగా పిలిచే ఫంక్షన్లు) వాడి చేత్తో రాసినవి, -ఓ2 అయినా -ఓ3 అయినా వాటి రూపం పెద్దగా మారదు. టిఫ్, జేపెగ్ విప్పే పని ఉబుంటు ఇచ్చిన లైబ్రరీలది, మన ఫ్లాగ్‌లు అక్కడిదాకా చేరవు. అందుకే -ఓ3 బిల్డ్ గెలవలేదు. లైబ్రరీ సైజు పెరిగింది, సమయం ఊగిసలాటలోనే ఉంది. -ఓ2కే స్థిరపడ్డారు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉబుంటు 22.04 డీఫాల్ట్ కంపైలర్ జీసీసీ 11, దానిలో -ఓ2 దగ్గర ఆటో వెక్టరైజేషన్ (లూప్‌ను కంపైలరే అనేక సంఖ్యల మీద ఒకేసారి పనిచేసేలా మార్చడం) లేదు. జీసీసీ 12 నుంచి -ఓ2లోనే అది జాగ్రత్తగా మొదలవుతుంది. పాత సలహాల్లో "-ఓ3 పెడితేనే వెక్టరైజ్ అవుతుంది" అని ఉంటే, అది ఏ వెర్షన్ నాటి మాటో చూసుకోవాలి.

ఎల్‌టీఓ (లింక్ దశలో మొత్తం ప్రోగ్రామ్‌ను కలిపి మెరుగుపరచడం) ప్రయత్నించి వదిలేశారు. లింక్ దశలో మెమరీ ఒక్కసారిగా పెరుగుతుంది, స్టాటిక్ ఆర్కైవ్‌లకు మామూలు ఏఆర్ బదులు జీసీసీ-ఏఆర్ వాడాలి, ఇంతా చేసి పెర్ఫ్‌లో పైన ఉన్న ఫంక్షన్లకు దాని వల్ల ఒరిగేది లేదు. ప్రొఫైల్ ఆధారిత బిల్డ్‌కు కూడా ఇదే మాట.

అక్షరాలు మార్చే ఫ్లాగ్

-ఓఫాస్ట్ అన్నది -ఓ3 కంటే మరో మెట్టు పైన అనుకుని పెట్టేవాళ్లున్నారు. దానిలో -ఎఫ్‌ఫాస్ట్-మ్యాత్ దాగి ఉంది. అది పెడితే కంపైలర్ కూడికల వరుసను తనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు, నాన్ (సంఖ్య కానిది) అనే విలువ అసలు రాదని అనుకుని ఆ తనిఖీలనే తీసేయొచ్చు. ఓసీఆర్‌లో ఇది నేరుగా అక్షరాల మీద పడుతుంది. మరక పడిన పేజీలో "ప"కూ "ష"కూ మధ్య, "మ"కూ "వు"కూ మధ్య మోడల్ ఇచ్చే మార్కులు దాదాపు సమానంగా ఉంటాయి. చివరి దశాంశంలో తేడా వస్తే చాలు, గెలిచే అక్షరం మారుతుంది. అచ్చు దిద్దేవాళ్లు ఒక మెషిన్ టెక్స్ట్ చూసి సరిచేసిన తప్పు మరో మెషిన్‌లో ఇంకో రూపంలో వస్తే వాళ్ల శ్రమంతా వృథా. ఈ ఫ్లాగ్‌ను ఈ పనిలో ఎంత వేగం ఇచ్చినా పెట్టకూడదు.

ఫాస్ట్-మ్యాత్ లేకున్నా తేడా రావచ్చు, దీన్ని చాలామంది గమనించరు. -మార్చ్‌లో ఎఫ్‌ఎంఏ ఉంటే జీసీసీ గుణకారం, కూడికలను కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా మారుస్తుంది, మధ్యలో జరగాల్సిన ఒక రౌండింగ్ పోతుంది. -ఎఫ్‌ఎఫ్‌పీ-కాంట్రాక్ట్=ఆఫ్ పెడితే ఇది ఆగుతుంది. వీ1 బిల్డ్‌లో ఎఫ్‌ఎంఏ లేదు కాబట్టి ఆ బెడద లేదు. అయితే టెసెరాక్ట్ నడిచేటప్పుడు ఐ5 మీద ఎఫ్‌ఎంఏ దారి, పెంటియం మీద ఎస్‌ఎస్‌ఈ దారి ఎంచుకుంటుంది. టెసెరాక్ట్ వాడే భాషా మోడళ్లలో ఒకటైన టెస్‌డేటా ఫాస్ట్ మోడల్‌లో మ్యాట్రిక్స్ లెక్కలు పూర్ణాంకాల్లో జరుగుతాయి, కూడే వరుస మారినా మొత్తం మారదు. టెస్‌డేటా బెస్ట్ మోడల్‌వి ఫ్లోట్ లెక్కలు, అక్కడ దారి మారితే అక్షరం మారే అవకాశం ఉంది. అందుకే బెస్ట్ మోడల్‌తో నడిపే పేజీలకు -సీ డాట్‌ప్రోడక్ట్=ఎస్‌ఎస్‌ఈ ఇచ్చి అన్ని మెషిన్లనూ ఒకే దారిలో పెట్టారు. ఈ7500లో కూడా ఎస్‌ఎస్‌ఈ4.1 ఉంది కాబట్టి అది అక్కడా నడుస్తుంది. ఐ5లు కొంత నెమ్మదిస్తాయి, ఫరవాలేదు. ప్రతి కొత్త బిల్డ్ తరువాత ఆ 40 పేజీల టెక్స్ట్‌కు నాలుగు రకాల మెషిన్ల మీద ఎండీ5సమ్ (ఫైలు చెక్‌సమ్) తీసి పోల్చడం పరీక్షలో భాగమైంది.

అసలు వేగం దొరికిన చోటు

మొత్తం పనిలో పెద్ద లాభం కంపైలర్ ఫ్లాగ్ నుంచి రాలేదు. టెసెరాక్ట్ ఓపెన్‌ఎంపీ (పనిని కోర్‌లకు పంచే ఏర్పాటు)తో ఒక్కో పేజీకి నాలుగు థ్రెడ్‌ల దాకా లేపుతుంది. జీ2020లో ఉన్నవి రెండే కోర్‌లు. బ్యాచ్ స్క్రిప్ట్ రెండు పేజీలను ఒకేసారి నడిపితే ఎనిమిది థ్రెడ్‌లు రెండు కోర్‌ల కోసం కొట్టుకుంటాయి, ఒకదాని కోసం ఇంకోటి ఊరికే తిరుగుతూ కాచుకుంటుంది. సీపీయూ వాడకం 100 శాతం అని చూపిస్తుంది గానీ పేజీలు కదలవు. ఓఎంపీ_థ్రెడ్_లిమిట్=1 అని పెట్టి, ఎక్స్‌ఆర్గ్స్ -పీ2తో కోర్‌కు ఒక పేజీ చొప్పున నడిపితే రాత్రికి పూర్తయ్యే పేజీల సంఖ్య స్పష్టంగా పెరిగింది. అసలు కాన్ఫిగర్‌లోనే --డిసేబుల్-ఓపెన్‌ఎంపీ ఇచ్చి కట్టినా అంతే. ఎవరైనా వేరియబుల్ పెట్టడం మరిచిపోయినా నష్టం లేదు కాబట్టి ఇక్కడ రెండోదే ఎంచుకున్నారు.

చివరికి నిలిచిన ఫ్లాగ్‌లు రెండు లైబ్రరీలకూ ఒకటే: -ఓ2 -జీ -మార్చ్=ఎక్స్86-64 -ఎంట్యూన్=జెనెరిక్ -ఎఫ్‌రికార్డ్-జీసీసీ-స్విచెస్. -జీ వల్ల వేగం తగ్గదు, ఫైలు సైజు పెరుగుతుంది అంతే, క్రాష్ అయినప్పుడు ఫంక్షన్ పేరు దొరుకుతుంది. ముందు లెప్టోనికా కట్టి, ఇన్‌స్టాల్ చేసి, ఎల్‌డీకాన్ఫిగ్ నడిపి, ఆపై టెసెరాక్ట్‌కు ఆటోజెన్, కాన్ఫిగర్, మేక్ -జే4. కట్టే మెషిన్‌లోనూ ఉబుంటు 22.04నే ఉండాలి. 24.04 మీద కట్టి తెస్తే "జీలిబ్‌సీ_2.38 నాట్ ఫౌండ్" అని మొదట్లోనే ఆగిపోతుంది.

కంపైల్ మధ్యలో కరెంటు పోతే ఒక పని మరవకూడదు. సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైలు సున్నా సైజుతో మిగిలిపోవచ్చు, దాని తేదీ కొత్తది కాబట్టి మేక్ అది తయారైందనే అనుకుంటుంది. లింక్ దశలో "ఫైల్ ట్రంకేటెడ్" అని వస్తే అదే కారణం. ఆ ఒక్క ఫైలు తుడిచి సరిపెట్టొద్దు, మేక్ క్లీన్ చేసి మొదటి నుంచి కట్టాలి, ఎందుకంటే సున్నా కాకుండా సగంలో తెగిన ఫైళ్లు ఇంకా ఉండొచ్చు. ఐ5 మెషిన్‌ను ఇన్వర్టర్ లైన్‌కు కలిపాక ఈ సమస్య రాలేదు.

ఈ7500లు మూడూ పక్కకు పోయిన రోజు నేలను వీ2కి ఎత్తొచ్చు, అప్పుడు మారేది ఒక్క -మార్చ్. ల్యాబ్ మొత్తం 24.04కి మారితే మాత్రం కంపైలర్ జీసీసీ 13 అవుతుంది, -ఓ2 అర్థమే కొంత మారుతుంది కాబట్టి 40 పేజీల కొలత, ఎండీ5సమ్ పోలిక రెండూ మళ్లీ మొదటి నుంచి చేయాలి.